మునిసామి మామ పేరు మోయాల్సిన ఈగ

పెళ్ళి చెడగొట్టుకోవడానికి లోకంలో నానా దారులుండాయి. తాగుడు ఒక దారి, జూదం ఒక దారి, నోటి దురుసు ఇంకో దారి. ఇవేవీ తెలియని అమాయకుణ్ణి కాబట్టి నేను ఈగ దారిలో పోయినాను. గోరంత కూడా లేని ఒక్క ఈగ నా పరువును పాపిరెడ్డిపట్టి నుంచి మద్రాసు దాకా ఎట్ల ఊరేగించిందో చెప్తాను, వినండి. నవ్వు వస్తే ఆపుకోవద్దు. అప్పుడు నవ్వని వాళ్ళు మా పక్క ఎవరూ లేరు, మీరు మాత్రం ఎందుకు మొహమాటపడాల?

ఎనభైల మాట ఇది. ధర్మపురిలో మా ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నాకు మా అవ్వ నేర్పించింది, కాబట్టి ఇందులో తప్పులుంటే ఆమెది బాధ్యత. జంతుశాస్త్రంలో బి.ఎస్సీ. పాసై ఇంట్లో కూర్చున్న నాకు, పశువుల డాక్టర్లు నడిపే ఒక పథకంలో తాత్కాలికంగా ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చెప్పడానికే నాకు ఒక పూట పట్టింది.

"గొర్రెలకు కార్జపు జలగ అని రోగం వస్తాది కదమ్మా. ఆ జలగ పిల్లప్పుడు మడుగులో నత్త కడుపులో ఉంటాది. నత్త చస్తే జలగా చస్తాది. ఆ నత్తను తినేది చిత్తడి ఈగ పిల్ల. అందుకని ఏ మడుగులో ఏ జాతి చిత్తడి ఈగ ఉండాదో నేను ఫోటో తీసి చెప్పాల."

మా అమ్మ బియ్యంలో రాళ్ళేరుతా అంతా విన్నది. "గొర్రె కోసం నత్త, నత్త కోసం ఈగ, ఈగ కోసం నా కొడుకు," అనింది. "దీన్ని ఈగలు తోలుకునే ఉద్యోగం అని ఊళ్ళో అంటే నేనేం చెప్పాల?"

"తోలేది కాదమ్మా, ఫోటో తీసేది."

"తోలితే అన్నా కాస్త గౌరవంగా ఉండేది."

ఆమె బాధ ఏమిటో నాకు తెలుసు. పాపిరెడ్డిపట్టి దగ్గర మా మేనమామ మునిసామి నాయుడు ఉన్నాడు. చెరువు కింద వరి, మెట్ట మీద గొర్రెల మంద, ఇంట్లో వసంత అని ఒక కూతురు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వసంతే నా పెళ్ళాం అని నేను అనుకుంటా ఉన్నాను. ఆ సంగతి మా అమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, అదే చిక్కు. అమ్మను అడిగితే, "ఉద్యోగం ఖాయం కానీ. ఈ ఈగలను చూపించి ఏ మొహంతో మా అన్నను పిల్లనడిగేది?" అనేది. ఇట్ల ఏడాది తిరిగేసరికి సేలంలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒక అబ్బాయి ఫోటో మా మామ ఇంటి గూట్లోకి వచ్చి చేరింది. నేను దొంగతనంగా చూసినాను. నున్నగా దువ్విన తల, మెరిసే పళ్ళు, చేతికి గడియారం. ఆ గడియారం కనబడాలని చెయ్యి గడ్డం కింద పెట్టుకున్నాడు. ఆ పూట మామ ఇంట్లో నేను అన్నం సరిగ్గా తినలేదు.

మరి మామను నేరుగా అడగొచ్చు కదా అంటారు మీరు. మా మామను మీరు చూడలేదు. ఆయనకు మాటల్లో మహా పిసినారితనం. పోగానే "తిన్నావా" అంటాడు, లేవగానే "పోతావా" అంటాడు. ఈ రెండింటి నడుమ పిల్లనడిగే సందు ఎక్కడుంది చెప్పండి?

అందుకని ఉద్యోగంలో చేరగానే, ఆ సేలం ఫోటో రాకముందే, నేను చేయగలిగింది ఒకటే చేసినాను. చిత్తడి ఈగలన్నీ మామ చెరువు కిందే ఉన్నాయని పై వాళ్ళకు రాసి, వారం వారం అక్కడికే పోవడం మొదలుపెట్టినాను. పనిలో కూడా మోసం చేయలేదు. పథకం వాళ్ళు ఇచ్చిన కెమెరా మెడలో తగిలించుకొని, మోకాళ్ళ మీద బురదలో పాకి, వరి ఆకు మీద తల కిందికి పెట్టి కూర్చున్న ఈగ ముఖంలో ముఖం పెట్టి ఫోటో తీసేవాణ్ణి. ఊపిరి వదిలితే ఎగిరిపోతాది. నాటు వేసే ఆడవాళ్ళు నడుము మీద చేతులు పెట్టుకొని చూసేవాళ్ళు.

"అదేమి చేస్తా ఉండాడే?"

"మొక్కుబడి ఏమోనే. పొర్లుదండాలు పెడతా ఉండాడు."

వసంత మజ్జిగ చెంబు తెచ్చి గట్టు మీద పెట్టి, "బావా, ఈగ నవ్విందా, ఇంకోసారి తీయాల్నా?" అని అడిగి పోయేది. ఆ ఒక్క మాటకే నేను వారమంతా బతికేవాణ్ణి.

ఒక పొద్దున ఒక ఈగ దొరికింది. దొరికింది అంటే కెమెరాకు దొరికింది. పక్కకు తిరిగి, మీసాలు ముందుకు చాచి, పొడుగాటి వెనక కాళ్ళు మడిచి, ఫోటో కోసమే పుట్టినట్టు కూర్చుంది. తీసినాను. తీసినాక పట్టుకోవాలని వల విసిరినాను. వల ఒక పక్కకు, నేను ఒక పక్కకు, ఈగ ఆకాశానికి పోయినాయి. మిగిలింది ఫోటో ఒక్కటే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, నా కొంప ఇక్కడే అంటుకుంది.

ధర్మపురి బస్టాండు దగ్గర కన్నయ్య అన్న స్టూడియో ఉండేది. పెళ్ళి చూపుల ఫోటోలకు ఆయన పెట్టింది పేరు. సన్న కుంచె, పాత బ్లేడు, నల్ల సిరా, తెల్ల రంగు, అవే ఆయన ఆయుధాలు. ఆయన చేతిలో పడితే అమ్మవారు పోసిన మచ్చలు మాయం, మెల్లకన్ను సూటి, బట్టతల మీద పంట. ఈ సంగతి జిల్లా అంతటికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా నేను రీలు ఆయన చేతికిచ్చి నోరు తెరిచినాను.

"అన్నా, అన్నీ చిన్నవి చాలు. ఆఖరిది ఒక్కటి పెద్దదిగా, బాగా రావాల."

"అంత ముఖ్యమా తంబీ?"

"నా కల్యాణమే దాని మీద ఉండాది అన్నా. వసంత వాళ్ళ నాయన చూసి మెచ్చాల."

నా లెక్క ఏమిటంటే, మంచి ఫోటో పడితే పై వాళ్ళు మెచ్చుతారు, ఉద్యోగం ఖాయమవుతాది, అమ్మ పోయి పిల్లనడుగుతాది, మామ నా ఉద్యోగం చూసి మెచ్చుతాడు. ఇదంతా కన్నయ్య అన్నకు విడమరిచి చెప్పాలని నాకు తోచలేదు. ఆయన నా భుజం తట్టి, "ఇంక నువ్వు దిగులుపడొద్దు, నాకు వదిలిపెట్టు," అన్నాడు. నేను వదిలిపెట్టినాను.

ఫోటో తెచ్చుకోను పోయిన రోజు ఆయన ఎక్కడో పెళ్ళి తీయను పోయినాడు. ఆయన పెళ్ళాం కవరు ఇచ్చింది. బస్టాండులో నిలబడే విప్పి చూసినాను. రెక్కలు కడిగిన అద్దాల మాదిరి ఉన్నాయి. కంట్లో ఒక మెరుపు. అన్నిటికన్నా మించి, చెంప మీద, కంటికి కింద, గుండ్రంగా, నల్లగా ఒక చుక్క.

మాకు చిత్తడి ఈగల జాతులు చెప్పడం నేర్పించింది మద్రాసు నుంచి వచ్చే సెల్వం సారు. ఏ జాతికి ఏ గుర్తో ఆయన రాసిచ్చిన కాగితాలు తిరగేసినాను. రెక్క కొస మసిబారినవి ఉన్నాయి, మీసం కింద మచ్చ ఉన్నవి ఉన్నాయి, చెంప మీద చుక్క మాత్రం ఏ ఈగకూ లేదు. అంటే కొత్త జాతి. లోకంలో ఇంతవరకు ఎవరూ చూడని జాతి. చూసింది నేను, మా మామ చేలో.

సారు మాకు మొదటి రోజే చెప్పినాడు, "ఫోటో చూసి ఈగ జాతి చెప్పడం, నీడను చూసి మనిషి పేరు చెప్పడం ఒకటే. ఈగ చేతిలో ఉండాల, భూతద్దం కంటి దగ్గర ఉండాల, ఆ తర్వాతనే నోరు తెరవాల" అని. మంచి మాట. ఇప్పుడు తలచుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అప్పుడు మాత్రం పోస్టాఫీసుకు పరుగెత్తి మద్రాసుకు ట్రంకు కాల్ వేసినాను.

"సార్, కొత్త జాతి. చెంప మీద చుక్క ఉండాది."

"ఒక పక్కనా, రెండు పక్కలా?"

"ఫోటోలో ఒక పక్కే కనబడతాది సార్."

"ఈగ ఏది?"

"పట్టుకునే లోపల బురదలో పడినాను సార్."

గరగర నడుమ సారు, "నేను వస్తాను. ఈగను చూసేదాకా ఎవరికీ చెప్పొద్దు," అన్నాడు.

సారు మాట నేను మీరలేదు. మా మామ ఒక్కడికే చెప్పినాను.

"మామా, మీ చేలో లోకానికే తెలియని ఈగ దొరికింది. దానికి మీ పేరే పెట్టించాలని ఉంది. లోకంలో ఏ దేశంలో ఎవరు పుస్తకం తెరిచినా మునిసామి అని ఉంటాది. శాస్త్రం పద్ధతి ప్రకారం చివర ఒక 'ఐ' తగిలిస్తారు. మునిసామిఐ."

ఇక్కడ మీరు ఒక సామెత తలచుకోవాల. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నా సంగతిలో ఆలూ లేదు, ఈగా లేదు, పేరు మాత్రం సిద్ధం.

మామ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "ఐ ఎందుకు?" అని అడిగినాడు. నాతో ఆయన మాట్లాడిన మూడో రకం మాట అది. నాకు ధైర్యం వచ్చింది. ఆ పొద్దే పిల్లనడిగేద్దామని నోరు తెరిచి, "మామా," అన్నాను. "ఏమి?" అన్నాడు. "మజ్జిగ బాగుంది," అని చెప్పి బస్సెక్కినాను.

నేను ఒక్కడికి చెప్తే, మాటల పిసినారి అనుకున్న మామ బి. మల్లాపురం సంతలో గొర్రెలు కొనే వాళ్ళకూ అమ్మే వాళ్ళకూ చెప్పినాడు. సారు వచ్చే రోజుకు మా మామ ఇంటి ముందర పందిరి లేచింది. చుట్టాలు దిగినారు. పెరట్లో కోళ్ళు తెగినాయి. మా అమ్మ పట్టుచీర కట్టుకొని వచ్చి, "ఈగకు సీమంతం చేస్తా ఉండారా ఏమిరా?" అని నన్ను చెవిలో అడిగింది.

సెల్వం సారు సన్నగా, నెమ్మదిగా, కర్చీఫుతో కళ్ళద్దాలు తుడుచుకుంటా ఉండే మనిషి. తమిళం ఆయనది, మా ఇళ్ళ తెలుగూ అర్థమవుతాది. మామ వేసిన దండ తీసి బల్ల మీద పెట్టి, "ఈగ ఏది?" అన్నాడు.

మామ చెయ్యి ఎత్తినాడు. అంతే, నాటు వేసే వాళ్ళు, గొర్రెలు కాసే వాళ్ళు, తిండికి వచ్చిన చుట్టాలు, అందరూ చేలో దిగినారు. దోమతెర తెచ్చిన వాళ్ళు కొందరు, జల్లెడ తెచ్చిన వాళ్ళు కొందరు, పైపంచె విసిరే వాళ్ళు కొందరు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, మేము ఈగ మీద ఊరినే ప్రయోగించినాము. సీసాల్లో ఈగలు రావడం మొదలైంది. సారు పందిరి కింద కూర్చొని ఒక్కొక్కదాన్నే భూతద్దంలో చూస్తా ఉన్నాడు.

"దీనికి చుక్క లేదు."

"అది మగదేమో సార్. ఆడదానికే ఉంటాదేమో," అన్నాను.

"ఇది ఆడదే."

"ముసలిదేమో సార్."

"ఇది నిన్ననో మొన్ననో పుట్టింది."

మామకు కూడా ఉత్సాహం వచ్చి, "నీళ్ళల్లో తిరిగేవి కదా సామీ, చుక్క కరిగిపోయి ఉంటాదేమో," అన్నాడు. సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇంతలో ఒక చుట్టం పెద్ద సీసా నిండా ఈగలు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఎన్ని కావాల్నో చెప్పండి సార్, కొదవ లేదు," అన్నాడు. అవి కోళ్ళు కోసిన చోటు నుంచి పట్టుకొచ్చిన మామూలు ఇంటి ఈగలు.

ఎండ నెత్తికెక్కింది. చెరువు కింద చిత్తడి ఈగ అనేది మిగలలేదు. వండిన అన్నం చల్లారిపోతా ఉంది. మామ ముఖం మెల్లగా ముడుచుకుపోతా ఉంది. ఇవాళ ఈగ దొరకకపోతే వసంత సేలం పోయినట్టే. మామ తన పేరును చుట్టాలందరి ముందర నా వల్లనే పోగొట్టుకున్నాక, మా అమ్మ ఏ మొహంతో అడుగుతాది? సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ నిమిషంలో ఒక ఈగకు నేనే సిరా చుక్క పెడితే ఎట్లుంటాదని కూడా ఆలోచించినాను. కుంచె లేక ఆగిపోయినాను.

అప్పుడు టౌను బస్సు దిగి, భుజాన సంచితో కన్నయ్య అన్న వచ్చినాడు. సారూ తానూ ఈగా కలిసి ఉండే ఫోటో ఒకటి కావాలని మామే పిలిపించినాడంట. పందిరి కిందికి వచ్చినాడో లేదో, సారు చేతిలో ఆ పెద్ద ఫోటో చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"బాగొచ్చింది కదా సార్? నా చేతి పనే."

సారు తలెత్తినాడు. "ఫోటో మీరు తీసినారా?"

"తీసింది తంబి. తీర్చిదిద్దింది నేను."

"తీర్చిదిద్దడం అంటే?"

కన్నయ్య అన్నను ఆయన పనితనం గురించి అంతవరకు ఎవరూ అంత మర్యాదగా అడిగి ఉండరు. సంచి కింద పెట్టి, వేలు పెట్టి చూపిస్తా మొదలుపెట్టినాడు. "ఇక్కడ రెక్క కొస మసిబారినట్టు ఉండె సార్. బ్లేడుతో గీకేసినాను. మీసం ఒకటి వంకర, నేరుగా దిద్దినాను. కంట్లో కళ లేదు, తెల్ల రంగు ఒక్క బొట్టు పెట్టినాను. అంతా అయినాక చూస్తే, ఈగ అయితేనేమి సార్, ముద్దొచ్చింది. కల్యాణం ఫోటో కదా, పది మంది కళ్ళు పడతాయి. అందుకని చెంప మీద దిష్టి చుక్క పెట్టినాను."

పందిరి కింద, పట్టి తెచ్చిన ఈగలు సీసాల్లో గుయ్యిమంటా ఉండేది నాకు బాగా వినబడింది.

సారు భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రెక్క కొస మసిబారి ఉండిందా?"

"ఆమా సార్. పోగొట్టేదానికి చాలా కష్టపడినాను."

"అయితే ఈ పొద్దు పట్టినవన్నీ అదే ఈగ," అన్నాడు సారు నన్ను చూసి. "మన జిల్లాలో దీనికన్నా మామూలు చిత్తడి ఈగ లేదు. నువ్వు మాకు పంపిన మొదటి ఫోటోలో కూడా ఇదే ఉండె." చెప్తా చెప్తా ఆయన భుజాలు కదలడం మొదలైంది. కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకొని అంత పెద్ద మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకొని నవ్వినాడు. ఆయనను చూసి చుట్టాలు, చుట్టాలను చూసి కూలోళ్ళు, ఎందుకో తెలియకపోయినా పెరట్లో వంట వాళ్ళు, అందరూ నవ్వినారు.

మామ నవ్వలేదు. ఆయన కన్నయ్య అన్న దగ్గరకు పోయి నిలబడినాడు. "కల్యాణం ఫోటోనా? ఎవరి కల్యాణం?"

"తంబిదే అయ్యా. 'నా కల్యాణమే దీని మీద ఉండాది, వసంత వాళ్ళ నాయన చూసి మెచ్చాల' అన్నాడు. ఈగకూ కల్యాణానికీ ఏం సంబంధమని నాకూ అనిపించింది. చదువుకున్న వాళ్ళు, వాళ్ళ పద్ధతి ఏమో అని ఊరకుంటిని."

మామ నా పక్కకు తిరిగినాడు. నేల పగిలితే బాగుండునని అంటారు కదా, మా మామ చేను బాగా తడిసిన నేల, పగలదు. నేను పందిరి గుంజను పట్టుకున్నాను.

"ఏమిరా. వసంతను చేసుకోవాలని ఉండాదా నీకు?"

"ఉండాది మామా," అన్నాను. గొంతు నాది కాదు, ఆ సీసాల్లోంచి వచ్చింది.

"ఆ మాట నోటితో చెప్పేదానికి ఏమి రోగం? ఏడాదిగా వారం వారం వస్తావు, బురదలో పడతావు, మజ్జిగ తాగుతావు, పోతావు. అడుగుతాడు, అడుగుతాడు అని చూసి చూసి, వీనికి మన పిల్ల మీద మనసు లేదని చెప్పి కదరా నేను సేలం వాళ్ళ ఫోటో తెప్పించింది." పుట్టి బుద్ధెరిగి మా మామ నోట అంత పొడుగు మాట ఎవరూ వినలేదు. తర్వాత మా అమ్మను చూసినాడు. "ఏమ్మా, నీకైనా నోరు లేదా?"

"ఉద్యోగం ఖాయం కానీ అని చూస్తిని అన్నా," అని మా అమ్మ పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మామ ఇంట్లోకి తిరిగి, "వసంతా, నువ్వేమంటావు?" అని కేకేసినాడు.

వసంత చేతిలో గరిటెతో గడప దాటి వచ్చింది. అందరినీ ఒకసారి చూసి, నన్ను కాస్త ఎక్కువగా చూసి, తాపీగా చెప్పింది. "సేలం ఆయనను ఫోటోలో చూసినాను నాయనా. ఈయనను బురదలో చూసినాను. నాకు బురదలో చూసిన మనిషే నమ్మకం."

సెల్వం సారు నవ్వు ఆపి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "పిల్ల నా శిష్యుడి కన్నా తెలివైంది. గుర్తు పట్టడం ఆమెకు తెలుసు," అన్నాడు. ఆ తర్వాత పై వాళ్ళకు నా గురించి ఏం రాసినాడో తెలియదు, మరుసటి ఏడు ఉద్యోగం ఖాయమైంది. నాకు మాత్రం అంతకుముందే, ఆ పందిరి కిందే, అన్నీ ఖాయమైపోయినాయి. అందరూ ఏడుపు అనుకుంటారేమోనని గుంజ చాటుకు పోయి ముక్కు చీదుకున్నాను. ఏడుపే.

అన్నాలు మొదలైనాక మామ నా పక్కన కూర్చొని, గొంతు తగ్గించి అడిగినాడు. "పిల్లనిస్తాను సరే. సంత అంతా నా పేరు చెప్పుకొస్తిని. ఇప్పుడు నా పేరు దేనికి పెడతావు?"

నేను సారును చూసినాను. సారు చారు జుర్రుకుంటా, "ఆ ఈగకు ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసినారు అయ్యా. మీరు మనవడు పుట్టేదాకా ఓర్చుకోవాల," అన్నాడు. మామ ఓర్చుకున్నాడు. మా పెద్దోడి పేరు మునిసామి. చివర 'ఐ' తగిలించలేదు.

కాబట్టి ఇది చదివే మీ అందరి సాక్షిగా, కుడి చెయ్యి ఎత్తి రెండు ప్రమాణాలు చేస్తున్నాను. ఒకటి, ఈగ చేతికి చిక్కి, భూతద్దం కంటికి ఆనేదాకా, ఫోటో ఎంత ముద్దుగా ఉన్నా దాని జాతి నా నోటి నుంచి రాదు. రెండు, పిల్లనడగదలిస్తే పిల్ల తండ్రినే అడుగుతాను, ఫోటో స్టూడియోలో అడగను. మొదటిది గట్టిగా పాటించమనీ, రెండోదానితో నాకు ఇంక అవసరం పడదనీ వసంత పక్కనుంచి చెప్తా ఉండాది.